రఫ్ కాగితం మీద గీత

ఉదయం ఏడు కాకముందే ఆ ఇంట్లో మొదటి గొడవ సరుకుల చీటీ దగ్గర మొదలైంది.

"ఇదేం రాతే తల్లీ! రాసిందీ నువ్వే, కొట్టేసిందీ నువ్వే. ఇంతకీ సబ్బులు తేవాలా, అక్కర్లేదా?" తల్లి ఆ చీటీని లైటు కిందకి పట్టుకుని కళ్ళు చికిలించింది. చీటీలో పద్నాలుగు వస్తువులున్నాయి. వాటన్నిటి మీదుగా, పై మూల నుంచి కింది మూల దాకా, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఒక గీత ఉంది.

"అది రఫ్ అమ్మా. ఫెయిర్ చేసి నీ ఫోన్‌కి పంపానుగా," అంది కూతురు, నోట్లో బ్రష్షుతోనే.

"సరుకులకి కూడా ఫెయిర్ కాపీయా! నా ప్రాణానికి మీ నాన్నగారొక్కరు చాలరూ?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ గీత నాన్నగారిదే. వీధి వైపు గదిలో పాతికేళ్ళుగా పన్నుల లెక్కలు చూసే ఆఫీసు నడుపుతున్నారాయన. వచ్చేపోయే వాళ్ళందరికీ ఆయన ట్యాక్స్ సారు. ఏ లెక్కనైనా ముందు రఫ్ కాగితం మీద చేసి, చివరికి తేలిన అంకెల్ని మాత్రం ఫెయిర్ కాపీలోకి ఎక్కిస్తారు. ఆ వెంటనే రఫ్ మీద మూల నుంచి మూలకి గీత. గీత పడకుండా పేజీ తిప్పడానికి వీల్లేదు. ఈ నియమం ఊరికే రాలేదు. ఆఫీసు పెట్టిన కొత్తలో ఒకసారి ఫెయిర్ కాపీ బదులు రఫ్ కాగితాన్నే కవర్లో పెట్టి పన్నుల కార్యాలయానికి పంపేశారు, దాని అంచున 'ఇది నమ్మేలా లేదు, ఈయన్ని గట్టిగా అడగాలి' అని తన చేత్తో రాసుకున్న మాటతో సహా. ఆ లెక్క తాలూకు మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అప్పటి నుంచీ ఈ గీత.

తొమ్మిదేళ్ళప్పుడు హోంవర్కు పట్టుకుని అదే బల్లకి అవతలి వైపు కూర్చున్న కూతురు, తండ్రి దగ్గర లెక్కతో పాటు గీత కూడా నేర్చుకుంది. అప్పుడే ఎవరో సరదాగా 'చిన్నసారు' అన్నారు. ఇరవై ఆరేళ్ళొచ్చినా ఆ పేరూ పోలేదు, ఆ గీతా పోలేదు.

చీటీ గొడవ ఇంకా సద్దుమణగకుండానే సారు వచ్చారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని మరీ వచ్చారు. చేతిలో ఒక కాగితం. దాన్ని తెచ్చి కూతురి టీ కప్పు పక్కన పెట్టారు.

"ఫారం నింపేశాను. సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. ఇందులో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లో ఎక్కించడమే."

ఫారం అసలు కంప్యూటర్లోనే నింపాలి. అయినా సారు ముందు కాగితం మీద గళ్ళు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుకుంటే గానీ ఏ ఫారాన్నీ నమ్మరు. పేరు, పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, అన్నీ ఉన్నాయి. 'ఎంచుకున్న పేపరు' అన్న గడిలో 'ట్యాక్స్' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు. అంటే ఇక తిరుగులేదని.

చిన్నసారు ఆ గడి వంకే చూసింది.

అకౌంటెన్సీ పరీక్షల్లో ఆమె చివరి మెట్టు మీదుంది. అక్కడ నాలుగు ఆప్షనల్ పేపర్లుంటాయి. వాటిలో ఏవైనా రెండు ఎంచుకుని పాసవ్వాలి. ఫైనాన్స్ మొదటిసారే గట్టెక్కింది. రెండోది ట్యాక్స్. అది ఆమె ఎంచుకున్నదని కాదు, ఆ ఇంట్లో అది ఎంచుకోవాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు. యాభై రావాలి. మొదటిసారి నలభై ఆరు వచ్చాయి. రెండోసారి నలభై నాలుగు. ఎంత చదివితే అంత తగ్గడం ఏ లెక్కకీ అందని సంగతి. మూడోసారికి పేరు నమోదు చేసుకోవడానికి, కావాలంటే పేపరు మార్చుకోవడానికి, ఇవాళే ఆఖరి రోజు.

"నాన్నా, నేను ఆడిట్ అని చెప్పాను."

"విన్నాను."

"వారం నుంచి చెబుతున్నాను."

"వారం నుంచీ వింటున్నాను. విని, ఆలోచించి, ఫారం నింపాను."

"అది వినడం అవుతుందా?"

"మరేం కావాలి నీకు? మొదటిసారి నాలుగంటే నాలుగు మార్కుల్లో పోయింది. పుస్తకాలున్నాయి, నోట్సుంది, నేనున్నాను. ఆడిట్‌కి ఎవరున్నారు నీకు? మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి."

"మూడేళ్ళ నుంచి ఆడిట్ ఆఫీసులోనే కదా పనిచేస్తున్నాను. రోజూ చేసే పనే."

"ఒకళ్ళు చేసిన లెక్కలో తప్పులు వెతకడం కూడా ఒక పనేనా? లెక్క చెయ్యడం పని!"

ఆ మాట ఆమెకి చురుక్కుమంది. సారుకి కూడా అనేశాక తెలిసింది, కాస్త ఎక్కువైందని. కానీ వెనక్కి తీసుకోవడం ఆయనకి అలవాటు లేదు.

మూల కుర్చీలో కూర్చుని వింటున్న బామ్మ అప్పుడు నోరు విప్పింది. "ఒరేయ్, ఆప్షనల్ అంటే ఏమిట్రా?"

"ఇష్టం వచ్చింది ఎంచుకోవడం అమ్మా."

"ఎవరిష్టం?"

సారు జేబులో పెన్ను సర్దుకున్నారు. బామ్మ అటూ ఇటూ చూసి, "పేరేమో ఇష్టం. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఇంటినిండా అరుపులు. ఇష్టం లేకపోతే ఇంకెంత గోలో," అని మళ్ళీ టీలోకి దిగిపోయింది.

వంటింట్లో తల్లి కూతురి మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. గుసగుసగా మాట్లాడినా క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతు. అందుకని కుళాయి తిప్పి మరీ మాట్లాడింది.

"చెప్పెయ్యవే. ఇంకెన్నాళ్ళు మోస్తావు?"

"వద్దమ్మా. ఒట్టేశావు."

"ఒట్టేశాను కాబట్టే నాకీ నరకం. ఆ మనిషి నిన్ను చేతకానిదానివంటుంటే వింటూ నిలబడాలా?"

"అననీ. నన్నే కదా అంటున్నారు."

తల్లి కుళాయి కట్టేసింది, దాని మీదే కోపమున్నట్టు.

ఎనిమిదిన్నరకి టైర్ల షాపాయన కాగితాల సంచీతో వచ్చాడు. వీధి గుమ్మం పక్కనున్న బోర్డు ముందు ఒక్క క్షణం ఆగాడు. బోర్డు మీద పై సగంలో సారు పేరుంది, కింది సగం ఖాళీ. మూడేళ్ళ క్రితం రంగు వేయించినప్పుడు, కింద ఏదైనా డిజైను వెయ్యనా అని పెయింటరు అడిగితే, అక్కర్లేదు, అక్కడికి మనిషి వస్తుంది అన్నారు సారు.

"ఏం చిన్నసారూ, వచ్చే ఏడాది నుంచి మా కాగితాల మీద మీ సంతకమేగా!" అన్నాడు టైర్ల షాపాయన నవ్వుతూ. "ట్యాక్స్ ఒక్కటే అడ్డం పడిందటగా. ఇంట్లో ఇంత పెద్ద సారుండగా మీకు అది రాకపోవడమేంటండీ, విడ్డూరం కాకపోతే!"

పాపం, అతను మెచ్చుకోలుగానే అన్నాడు. సారు కూడా నవ్వారు. కానీ ఆ నవ్వు మూతి వరకే వచ్చింది. ఈ మధ్య ఎవరొచ్చినా అదే మాట. ఇంట్లో సారుండగా. కూతురు ఫెయిలైన ప్రతిసారీ ఆయన బల్ల మీదే ఎవరో సున్నా రాసి పోయినట్టుంటోంది ఆయనకి.

చిన్నసారు బ్యాగు భుజాన వేసుకుంది. బీరువాలో స్వెట్టర్ల కింద దాచిన గోధుమరంగు కవరు గుర్తొచ్చింది. అది అక్కడ పడుండి మూడు నెలలైంది.

ఆ రోజు ఆమె పని ఒక రంగుల కంపెనీ గోదాములో. సరుకు చూసి, రిజిస్టరులో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనా కాదా అని తేల్చాలి. గోదాము మేనేజరు మాటలో తీపి ఎక్కువ మనిషి. కుర్చీ వేశాడు, ఫ్యాను తిప్పాడు, రిజిస్టరు తెరిచి పెట్టాడు.

"తెల్లరంగు నాలుగు వందల డబ్బాలు మేడమ్. చూడండి, ఇక్కడే రాసుంది."

"రాసింది చూశాను. డబ్బాలు చూపించండి."

"అవిగో, కనపడుతున్నాయిగా."

"ముందు వరస కనపడుతోంది. వెనక వరస చూడాలి."

నిచ్చెన వేయించుకుని ఎక్కింది. చున్నీ నడుముకి చుట్టుకుని, వేళ్ళ కణుపులతో ఒక్కో డబ్బానీ కొట్టి చూసింది. ముందు రెండు వరసలూ నిండుగా మోగాయి. మూడో వరసలో మోత మారింది. మూత తీయించింది. లోపల ఏమీ లేదు. పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. మేనేజరు చెమట తుడుచుకున్నాడు. ఆమె మాత్రం నిచ్చెన మీదే నిలబడి, ఎన్నింటికి చూసింది, ఎవరు పక్కనున్నారు, ఏ వరసలో ఎన్నో డబ్బా, అన్నీ వరసగా రాసుకుంది. అలా రాస్తున్నప్పుడు ఆమెకి ఆకలి గుర్తుండదు, ఎండ గుర్తుండదు, ఫెయిలైన సంగతి కూడా గుర్తుండదు. ఈ పనిలో ఎవరి మాటా ఊరికే నమ్మక్కర్లేదు. తన మాట కూడా ఎవరూ ఊరికే నమ్మక్కర్లేదు. ఎలా తేలిందో మొత్తం కాగితం మీద ఉంటుంది. అది ఆమెకి ఎంత ఇష్టమో ఇంట్లో ఒక్కసారైనా కూర్చుని చెప్పే వీలు దొరకలేదు.

కిందకి దిగి ఫోను చూస్తే తండ్రి నుంచి నాలుగు కాల్స్, ఒక మెసేజీ ఉన్నాయి. 'ట్యాక్స్ నోట్సు పేజీలు ఊడిపోతున్నాయని కొత్త బైండింగ్ చేయించాను. నీలం అట్ట. నీకు నీలం ఇష్టం కదా.'

తిట్టినా బాగుండేది. గోదాము గుమ్మంలో రంగు డబ్బా మీద కూర్చుని ఆమె ఆ మెసేజీని మూడుసార్లు చదివింది. తర్వాత ఫోను బ్యాగులో పడేసింది.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. వీధి గదిలో బల్ల మీద నీలం అట్ట నోట్సు ఉంది, దాని మీద పొద్దుటి ఫారం, దాని పక్కన తెరిచిపెట్టిన కంప్యూటరు. సారు వచ్చే వాళ్ళందర్నీ రేపు రమ్మని పంపేసి, ఆమె కోసమే కూర్చున్నారు. లోపలి గదిలో తల్లి బడి నుంచి తెచ్చిన పేపర్లు దిద్దుకుంటోంది.

"కూర్చో. నీ ఫోన్‌కి నంబరొస్తుంది, చెప్పు. అయిదు నిమిషాల పని."

"నాన్నా, ఆడిట్ అయితేనే చెబుతాను."

"మళ్ళీ మొదలా!" సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నాకొక్క మాట చెప్పు. ఇక్కడే, ఈ బల్ల దగ్గర, నీకు పదిహేనేళ్ళప్పుడే నేను ఇచ్చిన ఏ లెక్కనైనా చేసేదానివి. నాకంటే ముందు చేసేదానివి. అలాంటిది పరీక్షలో రెండుసార్లు పోతే నన్నేమనుకోమంటావు? దిద్దినవాడికి కళ్ళన్నా లేవు, నీకు శ్రద్ధన్నా లేదు. ఆన్సర్ షీటు కాపీ తెప్పించు, నేను చూస్తానని మొత్తుకున్నాను. తెప్పించవు. ఎందుకు?"

ఆమె నేల వైపు చూసింది.

"నేను చెప్పనా ఎందుకో? భయం! రెండు దెబ్బలు తగలగానే పారిపోతున్నావు. ఆడిట్ ఇష్టమట, ఇష్టం! ట్యాక్స్ రాక ఆడిట్‌లోకి దూరుతున్నావు, దానికి ఇష్టమని పేరు పెట్టకు. ట్యాక్స్ నాకు రాదు నాన్నా అని ఒక్క మాట ఒప్పుకో. ఆ ఫారం నేనే చింపేస్తాను."

చిన్నసారు ఆ ఫారం వంక చూసి మెల్లగా అంది.

"రాదు నాన్నా. నాకు ట్యాక్స్ రాదు."

ఆయన ఆ మాట కోసమే పట్టుబట్టారు గానీ, అది నిజంగా వినపడగానే మొహం పాలిపోయింది. పదిహేడేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినది మొత్తం ఒక్క మాటతో బల్ల మీంచి తుడిచేసినట్టయింది.

లోపలి గదిలో కుర్చీ గట్టిగా వెనక్కి జరిగిన చప్పుడు. ఆ వెంటనే బీరువా తలుపు చప్పుడు.

"అమ్మా, వద్దు!" చిన్నసారు లేచింది.

"నువ్వు నోర్ముయ్యి! ఒట్టుకి ఏమవుతుందో అది నాకే అవనీ." తల్లి గోధుమరంగు కవరు తెచ్చి కంప్యూటరు మీద విసిరినంత పని చేసింది. ఆవిడ వేళ్ళకి ఎర్రసిరా అంటుకుని ఉంది. "కాపీ తెప్పించలేదని అరుస్తున్నారుగా. తెప్పించింది. మూడు నెలలైంది. చూడండి. మీరే చూడండి ఎవరికి ట్యాక్స్ రాదో."

సారు కళ్ళజోడు పెట్టుకుని కాపీ బయటికి తీశారు. కుడివైపు పేజీల్లో జవాబులున్నాయి. ఒక్కో ప్రశ్నకీ రెండు వాక్యాలు, ఒక అంకె, కింద పొందిగ్గా రెండు గీతలు. ప్రతి దాని పక్కనా దిద్దినవాళ్ళు ఒకే మాట రాశారు. 'ఎలా వచ్చింది? లెక్క చూపలేదు.' ఎనిమిదికి రెండు. పదికి మూడు.

"లెక్క లేకుండా ఇంతింత అంకెలు ఆకాశం నుంచి ఊడిపడతాయా! వీడికి బుద్ధుందా?" ఆయన కోపంగా పేజీ తిప్పారు.

ఎడమవైపు పేజీ కనపడింది. దాన్నిండా లెక్కే. ఏ మినహాయింపు ఎందుకు వస్తుందో, ఏది ఎందుకు రాదో, మెట్టు మెట్టుగా ఉంది. మోసుకొచ్చిన అంకె చుట్టూ చిన్న సున్నా కూడా ఉంది, అచ్చం ఆయన చుట్టినట్టే. పై మూలన చిన్న అక్షరాలతో 'రఫ్' అని ఉంది. వాటన్నిటి మీదుగా, పై మూల నుంచి కింది మూల దాకా, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఒక గీత.

సారు ఇంకో పేజీ తిప్పారు. గీత. ఇంకోటి. గీత.

"కొట్టేసింది ఎవరూ దిద్దరండీ," అంది తల్లి. గొంతు తగ్గింది. "బడిలో ఇరవై రెండేళ్ళుగా నేను మార్కులు వేసేది మెట్లకే. జవాబు తప్పినా మెట్లున్నాయంటే సగం పైన వేస్తాను. కానీ పిల్లలు తమంతట తామే అడ్డంగా గీసేస్తే నేనేం చేస్తాను? లేనట్టే వదిలేస్తాను."

"మరి మిగతా పేపర్లన్నీ ఎలా..."

"మిగతావన్నీ కోచింగ్‌లో నేర్చుకుంది, లెక్కంతా జవాబులోనే చెయ్యడం అక్కడి పద్ధతి. ట్యాక్స్ ఒక్కటే ఈ బల్ల దగ్గర నేర్చుకుంది."

సారు ఆ గీత మీద వేలితో రుద్దుతూ ఉండిపోయారు, అలా రుద్దితే పోతుందేమో అన్నట్టు.

"నువ్వు దిద్దు," అన్నారు చివరికి, కాపీని భార్య వైపు తోస్తూ. "గీత లేదనుకుని దిద్దు."

ఆవిడ నిలబడే దిద్దింది. "ఇక్కడ అయిదు. ఇక్కడ నాలుగు. ఇది చివర్లో అంకె తారుమారైంది, అయినా ఆరు వెయ్యొచ్చు." పేజీలన్నీ అయ్యాక కూడి కింద చుట్టింది. అరవై మూడు.

సారు ఆ అంకెని చూశారు. తర్వాత కూతుర్ని చూశారు. "మూడు నెలల నుంచీ నీకు తెలుసు."

ఆమె తలూపింది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు.

"తెలిసి కూడా పొద్దున్నుంచీ నా చేత అన్ని మాటలు పడ్డావు. రాదని ఒప్పుకున్నావు. ఎందుకమ్మా?"

"చెబితే నువ్విలా అయిపోతావని." ఆమె ముక్కు ఎగబీల్చింది. "చిన్నప్పుడు అందరి నాన్నలూ ఆఫీసుకెళ్ళిపోయేవాళ్ళు. నన్ను మాత్రం నువ్వు ఆఫీసులో కూర్చోబెట్టుకున్నావు. నాకున్న మంచి జ్ఞాపకాలన్నీ ఈ బల్ల మీదే ఉన్నాయి నాన్నా. ఇక్కడ నేర్చుకున్నదాని వల్లే పోయిందని నీకెలా చెప్పను? నాకు రాదంటే నేనొక్కదాన్నే ఫెయిలైనట్టు. నిజం చెబితే ఇద్దరం ఫెయిలైనట్టు."

సారు జేబురుమాలు కోసం జేబులో వెతికారు. అది దొరక్క చొక్కా చేతితోనే కళ్ళద్దాలు తుడుచుకున్నారు. బామ్మ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

గడియారం అయిదూ పది చూపిస్తోంది.

ఉన్నట్టుండి సారు మొహంలో ఒక వెలుగు వచ్చింది. "అయితే ఇంకేం! రోగం తెలిసిపోయిందిగా. ఈసారి గీత ఒక్కటి మానేసి ట్యాక్స్..." అని ఆగిపోయారు. కూతురి మొహం చూసి కాదు, తన గొంతు తనకే వినపడి. పొద్దుటి నుంచీ, ఆ మాటకొస్తే పదిహేడేళ్ళ నుంచీ, ఆ గదిలో వినపడుతున్న గొంతు అదొక్కటే.

"నీకేం రాయాలనుంది?" అని అడిగారు.

ఇంత చిన్న ప్రశ్న ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆమె చున్నీతో మొహం తుడుచుకుంది.

"కాపీ చూసిన రోజు నేనూ నీలాగే అనుకున్నాను. గీత మానేస్తే సరి, పాసైపోతాను. రెండు రోజులు కూర్చుని ట్యాక్సే చదివాను. చదువుతుంటే అర్థమైంది, పాసవుతాను గానీ, పాసై ఈ గదిలో కూర్చోవాలని నాకు లేదు. నేను గోదాముల్లో నిచ్చెనలెక్కాలి నాన్నా. ఇవాళ ఒకతను నాలుగు వందల డబ్బాలన్నాడు. మూడో వరస మొత్తం ఖాళీ. నిచ్చెన మీద నిలబడి అది రాస్తుంటే..." ఆమె వేళ్ళ కణుపులతో బల్ల మీద కొట్టింది. "నువ్వు పొద్దున్న అన్నావు, తప్పులు వెతకడం పనేనా అని. తప్పులు వెతకడం కాదు నాన్నా. ఎలా వచ్చిందో చూపించమని అడగడం. నాకు అదే ఇష్టం."

సారు కిటికీలోంచి బోర్డు వెనక వైపు చూశారు. అక్కడి నుంచి అక్షరాలు కనపడవు, చెక్క మాత్రమే కనపడుతుంది. ఆ కింది సగం ఇక ఖాళీగానే ఉంటుంది. అది మింగుడు పడటానికి ఆయనకి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో ఎవరూ తొందరపెట్టలేదు, ఆరింటికి మూసేస్తారని తెలిసి కూడా.

తర్వాత ఆయన జేబులోంచి పెన్ను తీశారు. పొద్దున్న తను ముత్యాల్లాంటి అక్షరాలతో నింపిన ఫారాన్ని ముందుకు లాక్కున్నారు. పై మూలన పెన్ను ఆనించి, 'ట్యాక్స్' అన్న గడి మీదుగా కింది మూల దాకా ఒక గీత గీశారు.

"ఇది రఫే," అన్నారు. "ఫెయిర్ నువ్వు నింపు."

చిన్నసారు ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ తర్వాత జరిగింది వేరే యుద్ధం. ఆఖరి రోజు కదా, దేశంలో ఉన్న వాళ్ళందరూ అప్పుడే నింపుతున్నట్టు పేజీ తెరుచుకోదు, తెరుచుకుంటే ముందుకు కదలదు. ఫోన్‌కి రావాల్సిన నంబరు రాదు. సారు ఆమె ఫోను పట్టుకుని కిటికీ దగ్గరకి, అక్కడి నుంచి గుమ్మం దగ్గరకి, చివరికి వీధిలోకి వెళ్ళి చెయ్యెత్తి నిలబడ్డారు. "వచ్చింది, వచ్చింది! ఏడు, రెండు, సున్నా..." అని అక్కడి నుంచే అరిచారు, ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి వచ్చేంత గట్టిగా.

అయిదూ యాభై రెండుకి 'ఎంచుకున్న పేపరు: ఆడిట్' అని తెర మీద వచ్చింది.

"ఇంతకీ పాసైందా?" అంది బామ్మ.

"ఇంకా రాయలేదు అత్తయ్యా," అంది తల్లి, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

సారు లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. బల్లకి అవతల వైపు ఎప్పుడూ కూతురు కూర్చునే కుర్చీని కాలితో కాస్త ముందుకు జరిపారు. "ఆడిట్ నాకేమీ తెలియదు. ఇక నువ్వే చెప్పాలి నాకు. మొదటి పాఠం ఏమిటి?"

ఆయన గీత పడ్డ ఫారాన్ని చింపబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏదీ చింపకూడదు నాన్నా. గీత గీసింది కూడా. ఎలా ఇక్కడిదాకా వచ్చామో అందులోనే ఉంటుంది."

సారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, భార్య అరవై మూడు వేసిన కాపీలో ఉంచి, రెంటినీ తన సొరుగులో దాచుకున్నారు.